లాటిన్ పేరులో ‘రామోసా’ కనిపిస్తే ఎలా చదవాలి

బోటనీ చెప్పినన్నాళ్లూ పిల్లలు నన్ను అడుగుతూ వచ్చింది ఒకటే: “మేడమ్, ఈ పేర్లన్నీ బట్టీ పట్టాల్సిందేనా?” అక్కర్లేదమ్మా. లాటిన్ నేర్చుకోవాల్సిన పని కూడా లేదు. ఒక మాట మొదలు గట్టిగా పట్టుకుంటే దాన్ని అంటిపెట్టుకుని ఉన్న మాటలన్నీ వాటంతటవే చేతికొస్తాయి. రిటైరయ్యాక కూడా మా వీధిలో నీట్‌కి చదివే పిల్లలు, జీఎన్‌ఎం అనే నర్సింగ్ కోర్సు చేసే అమ్మాయిలు వస్తూనే ఉన్నారు. వాళ్లకి నోటితో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ఈసారి ‘రేమోస్’ అనే మాట తీసుకుందాం. అర్థం చిన్నదే: కొమ్మలు ఉన్నది, కొమ్మలుగా చీలినది. కానీ దీని చుట్టాలు బోటనీలో ఉన్నారు, జువాలజీలో ఉన్నారు, నర్సింగ్ పుస్తకంలో ఉన్నారు, ఆఖరికి మీ నాన్నగారి ఆంజియోగ్రామ్ రిపోర్టులో కూడా ఉన్నారు.

ముందు మొదలు పట్టుకోండి

లాటిన్‌లో ‘రాముస్’ అంటే కొమ్మ. బహువచనం ‘రామి’. రోమన్లు మొదటి అక్షరాన్ని దీర్ఘం తీసి పలికేవారు. ఇంగ్లీషు చదువులోకి వచ్చేసరికి అదే ‘రేమస్’ అయింది, బహువచనం ‘రేమై’ అయింది. మన కాలేజీల్లో కొందరు రామస్ అంటారు, కొందరు రేమస్ అంటారు. పరీక్షలో రాసేది స్పెల్లింగు కాబట్టి పలకడం గురించి టెన్షన్ పడకండి. ఎవరు ఎలా పలికినా అది ఈ మాటేనని మీ చెవికి తట్టాలి, అంతే.

ఈ రాముస్‌కీ, వేరు అనే అర్థమున్న ‘రాడిక్స్’ అనే లాటిన్ మాటకీ మూలం ఒకటేనని భాషల చరిత్ర తవ్వేవాళ్లు అంటారు. మన ముల్లంగిని ఇంగ్లీషులో ర్యాడిష్ అనడం ఆ రాడిక్స్ నుంచే. ఇక లాటిన్‌కి పుట్టిన భాషల్లో చూస్తే, స్పానిష్‌లో రామో, పోర్చుగీసులో రామో, ఇటాలియన్‌లో రామో. ఫ్రెంచివాళ్లు అక్షరాలు ఎన్నో పెట్టి రాసినా చివరికి పలికేది రామో అనే. ఫుట్‌బాల్ చూసే పిల్లలకి సెర్హియో రామోస్ తెలుసు కదా, ఆ ఇంటిపేరుకి అర్థం ‘కొమ్మలు’. ఇది చెప్పాక రాముస్ అంటే ఏమిటో మర్చిపోయిన అబ్బాయి నాకు ఇంతవరకు తగల్లేదు.

చర్చికి వెళ్లే ఇళ్ల పిల్లలకైతే ఇంకో దారి. ఈస్టరుకి ముందు వారం వచ్చే మట్టల ఆదివారాన్ని స్పెయిన్‌లో ‘దోమింగో దె రామోస్’ అంటారు, కొమ్మల ఆదివారం అని. లాటిన్ బైబిల్లో యోహాను సువార్త 12వ అధ్యాయంలో జనం ‘రామోస్ పల్మారుమ్’ పట్టుకుని యేసుకి ఎదురెళ్లారని ఉంటుంది. మాటకి మాట పెడితే ‘తాటిజాతి చెట్ల కొమ్మలు’. తెలుగు బైబిలు మాత్రం ఖర్జూరపు మట్టలు అంటుంది. బోటనీ లెక్కన తెలుగువాళ్లదే కరెక్టు. ఖర్జూరానికైనా, తాటికైనా, కొబ్బరికైనా మట్ట అనేది ఒక ఆకు. ఎంత పొడుగున్నా ఒక్క ఆకే, కొమ్మ కాదు. ఈ తేడా ఎలా పట్టుకోవాలో కాసేపట్లో చెప్తాను, అసలు కిటుకంతా అందులోనే ఉంది.

తర్వాత తోక చూడండి

లాటిన్‌లో ‘ఓసుస్’ అనే తోక తగిలిస్తే ‘అది బాగా ఉన్నది, అది నిండుగా ఉన్నది’ అని అర్థం వస్తుంది. స్పినా అంటే ముల్లు. ముళ్ల తోటకూర పేరు అమరాంథస్ స్పైనోసస్. పీకి చూడండి, కణుపు కణుపుకీ ఆకు మొదట్లో జంటగా రెండు ముళ్లు ఉంటాయి. అదే లెక్కన రాముస్‌కి ఓసుస్ తగిలిస్తే రామోసుస్, కొమ్మలు బాగా ఉన్నది. ఇంగ్లీషువాళ్లు దాని చివర కత్తిరించి రేమోస్ చేసుకున్నారు.

రోమన్ కవి వర్జిల్ ఈ మాటని దుప్పి కొమ్ములకి వాడాడు: ‘రామోసా కోర్నువా’, అంటే కొమ్మలు కొమ్మలుగా చీలిన కొమ్ములు. చదువుతుంటే మనకి నవ్వొస్తుంది, తెలుగులో కొమ్మా కొమ్మూ పక్కపక్కనే కూర్చుంటాయి కాబట్టి. ఈ ఉదాహరణ వదులుకోవద్దు, ఎందుకంటే రేమోస్‌కీ, రేమోస్ కానిదానికీ తేడా కంటికి కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక. దాని కొమ్ము మెలికలు తిరుగుతుంది కానీ మొదటి నుంచి చివరిదాకా ఒకటే కడ్డీ, చీలిక ఉండదు. చుక్కల దుప్పి కొమ్ముకి చీలికలు ఉంటాయి. రెండోదే రేమోస్. జూకి వెళ్లినప్పుడు రెండూ చూసి రండి.

ఇక పేర్లలో ఈ మాట మూడు వేషాల్లో కనిపిస్తుంది: రామోసస్, రామోసా, రామోసమ్. కంగారు పడొద్దు, అర్థం ఒకటే. మొక్క పేరులో మొదటి మాట ప్రజాతి (జీనస్), దగ్గరి చుట్టాలన్నిటికీ ఉమ్మడి ఇంటిపేరులాంటిది. అది పుంలింగమైతే రామోసస్, స్త్రీలింగమైతే రామోసా, నపుంసకమైతే రామోసమ్. సంస్కృతంలో సుందరః, సుందరీ, సుందరమ్ అన్నట్టే. అందుకే అస్ఫోడెలస్ రామోసస్, ఒరోబాంకి రామోసా, ఆంథెరికమ్ రామోసమ్.

మిగతా తోకలు గబగబా చెప్పేస్తాను. ‘ఇస్సిముస్’ వస్తే అన్నిటికన్నా ఎక్కువ అని: టామరిక్స్ రామోసిస్సిమా అంటే తెగ కొమ్మలేసే టామరిక్స్. ‘ఉలుస్’ వస్తే చిన్నది అని. రాముస్ కొమ్మైతే రాములుస్ రెమ్మ. పువ్వుకి సంబంధించిన ‘ఫ్లోరా’ తగిలితే రామిఫ్లోరా, కొమ్మల మీదే పూసేది. చేయడం అనే అర్థమున్న ‘ఫాకెరె’ కలిస్తే ర్యామిఫికేషన్, అంటే కొమ్మలు వేయడం. ఇంగ్లీషు పేపర్లో ఏ కోర్టు తీర్పు గురించో ‘లీగల్ ర్యామిఫికేషన్స్’ అని రాస్తారు చూడండి, ఆ తీర్పు నుంచి బయల్దేరి నాలుగు వైపులా పాకే పర్యవసానాలు అని.

ముందు వచ్చే తలలు కూడా ఉన్నాయి. ‘బై’ అంటే రెండు, ‘యూని’ అంటే ఒకటి. బైరేమస్ అంటే రెండు కొమ్మలది. జువాలజీలో రొయ్య ఉపాంగాలు (కాళ్లలాంటి అవయవాలు) బైరేమస్ అని చదివి వదిలేస్తారు. ఈసారి ఇంట్లో రొయ్యలు తెచ్చినప్పుడు, వలిచేముందు ఒకటి నాకు కావాలని అమ్మనడిగి తీసుకోండి. పొట్ట కింద ఈదడానికి ఉండే కాళ్లలో ఒకదాన్ని మొదలంటా పీకి నీళ్ల పళ్లెంలో వేస్తే విచ్చుకుంటుంది. ఒకే కాడ మీద రెండు రేకులు. తోక విసనకర్ర కూడా అంతే. మధ్యలో మొనదేలిన ముక్క ఒకటి, దానికి ఇటు రెండు రేకులు, అటు రెండు. పక్కన బొద్దింక కాలు పెట్టుకుని చూస్తే (ఇది అమ్మకి చెప్పక్కర్లేదు) అది మొదటి నుంచి కొస దాకా ఒకే వరుస, కీళ్లే తప్ప చీలిక లేదు. అది యూనిరేమస్.

ఇంత చదివాక ఒక అనుమానం రావాలి. లాటిన్ ఎప్పుడో పోయిన భాష కదా, ఇంకా మన నెత్తిన ఎందుకు? పేర్లు లాటిన్ రూపంలో ఉండాలన్నది అంతర్జాతీయ నియమం. అంతే కాదు, 1935 నుంచి 2011 చివరి దాకా కొత్త మొక్కని ప్రకటించాలంటే దాని వర్ణన కూడా లాటిన్‌లోనే ఇవ్వాలి. 2012 జనవరి 1 నుంచే ఇంగ్లీషులో ఇచ్చినా చెల్లుతోంది. కాబట్టి పాత వర్ణనల్లో ‘కావులిస్ సింప్లెక్స్’ అని ఉంటే కాండం ఒంటిది అని, ‘కావులిస్ రామోసుస్’ అని ఉంటే కొమ్మలేసింది అని.

మొక్క దగ్గర కూర్చుని చూడండి

పేరు విడదీయడం సగం పనే. ఆ పేరు ఆ మొక్కకి ఎందుకు పెట్టారో కళ్లతో చూడకపోతే అదీ ఇంకో రకం బట్టీ.

మాది గుంటూరు వైపు కాబట్టి పొగాకు చేను నుంచే చెప్తాను. పొగాకు మొక్కల మొదళ్లలో నేలలోంచి తెల్లగా, ఆకుపచ్చ అన్నది లేకుండా ఒక కాడ లేచి, దానికి ఊదారంగు కలిసిన పూలు వస్తాయి. రైతులు పొగాకు మల్లె అంటారు, బోడు అంటారు. పేరు వింటే ముద్దుగా ఉంటుంది కానీ చేసే పని దొంగతనం. పొగాకు వేరుకి తన వేరు గుచ్చి తిండి మొత్తం లాగేస్తుంది. విత్తనాలు దుమ్ములా సన్నగా ఉండి ఏళ్ల తరబడి మట్టిలో కాచుక్కూర్చుంటాయి. దీని పేరు ఒరోబాంకి సెర్నువా. సెర్నువా అంటే తల వంచినది. పూలు ముందుకి వంగి ఉంటాయి. కాడ మాత్రం మామూలుగా ఒంటి కాడే, కొమ్మలుండవు.

యూరప్‌లో పొగాకునీ, టమాటానీ, గోగునారలాంటి నార ఇచ్చే హెంప్ మొక్కనీ పీడించే దీని చుట్టం ఇంకొకటి ఉంది. దాని కాడ మొదట్లోనే చీలి కొమ్మలేస్తుంది. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ దానికి పెట్టిన పేరు ఒరోబాంకి రామోసా. ఇప్పుడు దాన్ని ఫెలిపాంకి అనే వేరే ప్రజాతిలోకి మార్చారు, అయినా రామోసా అనే మాట దానితోపాటే వెళ్లింది. ఇదీ గమనించాల్సిన విషయం: ప్రజాతి మారినా రెండో మాట సాధారణంగా అలాగే ఉంటుంది, మహా అయితే లింగం మారుతుంది. రెండు మొక్కల ఫొటోలు పక్కపక్కన పెట్టుకుంటే, ఎందుకు రామోసా అన్నాడో ఎవరూ చెప్పక్కర్లేదు.

సరే, కొమ్మ అంటే ఏది? ఇక్కడే పిల్లలు తప్పటడుగు వేస్తారు. వేపాకు తెచ్చి చూపించి, “ఇది కొమ్మ, దీనికి పది ఆకులున్నాయి” అంటారు. పరీక్ష పెట్టే పద్ధతి ఒకటే: మొగ్గ ఎక్కడుందో వెతకాలి. ఆకు కాండానికి అతుక్కునే చోట, పై వైపు సందులో, చిన్న మొగ్గ ఉంటుంది. మన పుస్తకాల్లో ఆ సందుని గ్రీవం అంటారు, ఊళ్లో ఆకు చంక అంటారు. మొగ్గ కనిపించిందా, దాని కింద ఉన్నది ఆకు. ఆ మొగ్గ పెరిగితే వచ్చేది కొమ్మ.

వంటింట్లో కరివేపాకు రెమ్మ ఒకటి తీసుకోండి. కొమ్మ నుంచి తుంచేటప్పుడే దాని మొదలు కాండానికి అతికిన చోట చూడండి, ఆ సందులో మొగ్గ ఉంటుంది. ఇప్పుడు రెమ్మ మీద చిన్న చిన్న ఆకుల సందుల్లో వెతకండి. ఏమీ ఉండదు. ఈనె కొసకి వెళ్లండి, అక్కడా పెరిగే మొగ్గ లేదు, ఒక చిన్న ఆకుతో ముగిసిపోయింది. అంటే మనం తాలింపులో వేసే ‘రెమ్మ’ మొత్తం కలిపి ఒకే ఒక్క ఆకు. దాని మీదున్నవి పత్రకాలు. వేప కూడా ఇంతే. కొబ్బరి మట్టని ఆకు అన్నది కూడా ఈ లెక్కనే.

పొగాకు రైతుకి ఈ పాఠం ఎవరూ చెప్పక్కర్లేదు. మొక్క మామూలుగా ఒంటి కాండంతో పైకి పోతుంది. పూత రాగానే తల తుంచితే, అప్పటిదాకా పడుకున్న గ్రీవపు మొగ్గలు లేచి ప్రతి ఆకు చంకలోనూ పిలక బయల్దేరుతుంది. వదిలేస్తే ఆకుకి వెళ్లాల్సిన బలం పిలకలకి పోతుందని మళ్లీ అవి తీయించాలి. చామంతికి మాత్రం ఆ కొమ్మలే కావాలి కాబట్టి కొసలు గిల్లి వదిలేస్తాం. చేసేది ఒకే పని, కోరేది వేరు.

కరివేపాకుకి తలకిందులుగా ఉండేది శతావరి, మన పిల్లితీగ. సూదుల్లా సన్నగా, పచ్చగా ఉండేవి ఆకులనే అందరూ అనుకుంటారు. దగ్గరగా చూస్తే వాటి మొదట్లో ఎండిపోయిన పొలుసులాంటిది ఒకటి ఉంటుంది. అసలు ఆకు అదీ. దాని చంకలోంచి వచ్చిన పచ్చ సూదులు కొమ్మలు. కొమ్మే ఆకు వేషం వేసిందన్నమాట. వాటిని క్లాడోడ్‌లు అంటారు. గ్రీకులో కొమ్మని ‘క్లాడోస్’ అంటారు, దాన్నుంచి వచ్చింది. పరిణామం పాఠంలో వచ్చే ‘క్లేడ్’ కూడా ఈ కొమ్మే.

పోలికలు చూసి మోసపోవద్దు

ఈ శతావరి శాస్త్రీయ నామం ఆస్పరాగస్ రాసిమోసస్. మేడి చెట్టు పేరు ఫైకస్ రాసిమోసా. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు దీన్ని రామోసా అని చదివి ‘కొమ్మలెక్కువ ఉన్న మర్రిజాతి చెట్టు’ అని రాస్తారు. మధ్యలో ఉన్న ‘సి’ని మింగేస్తే అంతే మరి. ‘రాసేముస్’ అంటే లాటిన్‌లో ద్రాక్ష గుత్తి. రాముస్‌తో దానికి సంబంధం లేదు. మేడి కాయలు మానుకీ, లావు కొమ్మలకీ గుత్తులు గుత్తులుగా వేలాడతాయి కదా, అందుకని రాసిమోసా. శతావరికి పూలు కంకిలా గుత్తిగా వస్తాయి, అందుకని రాసిమోసస్. అక్షరం ఒక్కటి తేడా, ఒకటి కొమ్మ, ఇంకొకటి గుత్తి.

ఇంకా చిక్కు ఏమిటంటే, బోటనీలో ‘రాసిమోస్ శాఖీభవనం’ అనే మాట కూడా ఉంది. అది కొమ్మలు ఉన్నాయా లేదా అనే సంగతి కాదు, ఎలా వస్తున్నాయనే సంగతి. ప్రధాన అక్షం కొస మొగ్గ ఆగకుండా పెరుగుతూ పోతే, పక్కల నుంచి కొమ్మలొస్తే, అది రాసిమోస్ లేదా మోనోపోడియల్. కొస మొగ్గ పువ్వుతో ముగిసిపోయి, పక్క మొగ్గ పెత్తనం తీసుకుంటే అది సింపోడియల్. రెండూ ఒకే మొక్క మీద చూడాలంటే పత్తి చేలోకి వెళ్లండి. కింద కణుపుల్లోంచి వచ్చే శాఖీయ కొమ్మలు నిటారుగా, చిన్న సైజు పత్తి మొక్కల్లా పెరుగుతాయి, అవి మోనోపోడియల్. పైన కాయ కాసే కొమ్మలు అడ్డంగా, కణుపు కణుపుకీ మెలిక తిరిగి ఉంటాయి, అవి సింపోడియల్. ఒక్కో ముక్క ఒక గూడతో (పూమొగ్గతో) ముగిసి, దాని పక్క మొగ్గ తర్వాతి ముక్కని మొదలుపెడుతుంది, అందుకే ఆ మెలిక. రేమోస్ అనే మాట ఈ రెండు రకాలకీ సరిపోతుంది, ఎందుకంటే అది ‘కొమ్మలున్నాయి’ అని మాత్రమే చెప్తుంది.

మిగతా మోసగాళ్లు చిన్నవి. రాంబూటాన్ పండులో కొమ్మ లేదు. అది మలయ్ మాట, రాంబుట్ అంటే వెంట్రుక, తొక్క మీద పీచు చూసి పెట్టిన పేరు. నార తీసే రామీ మొక్క పేరు కూడా మలయ్ నుంచే వచ్చింది. రామాఫలం, రామములగ రాముడివి, లాటిన్‌కి వాటిలో వాటా లేదు. ఇక గ్లూకోజ్, సుక్రోజ్ చివర ఉండే తోక చక్కెరలకి రసాయన శాస్త్రజ్ఞులు పెట్టుకున్నది, రేమోస్ చివర ఉన్న తోక కాదు. స్పెల్లింగు ఒకటే కాబట్టి ఇక్కడ జాగ్రత్త.

చీలికకి ఇంకొన్ని మాటలు

కొమ్మలేయడంలో రకాలున్నాయి, లాటిన్‌లోనూ గ్రీకులోనూ వాటికి వేర్వేరు మాటలున్నాయి. ‘ఫుర్కా’ అంటే పంగలకర్ర. రెండు పంగలుగా చీలితే బైఫర్కేషన్. 2014 రాష్ట్ర విభజన పుణ్యమా అని ఈ మాట మనవాళ్లలో చదువురానివాళ్లకి కూడా తెలుసు, కాబట్టి నేను వివరించేది లేదు.

‘డైకాటమస్’ గ్రీకు మాట, రెండుగా కోయడం అని. బంక నక్కెర చెట్టు పేరు కార్డియా డైకాటమా. గుజరాత్ తీరంలో, డయ్యూ దగ్గర ఉండే ఒక తాటిజాతి చెట్టు పేరు హైఫీనీ డైకాటమా. మన తాటిచెట్టు ఒంటి మానుతో నిలబడితే అది మాత్రం రెండేసిగా చీలుకుంటూ పైకి పోతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ‘డైవారికేటా’. కాళ్లు ఎడంగా చాపడం అనే అర్థమున్న లాటిన్ క్రియ నుంచి వచ్చింది. మన నందివర్ధనం పేరు టాబర్నెమోంటానా డైవారికేటా. పూజకి పూలు కోసేటప్పుడు ఈసారి పువ్వు కాకుండా కొమ్మ చూడండి. కొంత దూరం పోయి రెండుగా చీలుతుంది, ఆ రెండూ ఎడంగా జరుగుతాయి, పువ్వులు ఆ పంగలోంచే వస్తాయి. చెట్టు అంత గుబురుగా, గుండ్రంగా పరుచుకోవడానికి కారణం అదే. పేరు పెట్టినవాడు ఆ మొక్కని ఎంత శ్రద్ధగా చూశాడో అని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది.

ఆస్పత్రి కాగితాల్లో

నర్సింగ్ పిల్లలకి ఇది పనికొచ్చే భాగం, ఇంట్లో పెద్దవాళ్లున్న అందరికీ కూడా.

చెవి కింద వేలు పెట్టి పళ్లు గట్టిగా బిగించండి. ఉబ్బిన కండ తగులుతుంది. ఆ కండ కింద నిలువుగా ఉన్న దవడ ఎముక భాగమే రేమస్. గడ్డం వైపు అడ్డంగా ఉన్నది దవడ ‘బాడీ’. దాన్నుంచి పైకి లేచిన కొమ్మ కాబట్టి రేమస్. దవడ ఎక్స్‌రే రిపోర్టులో ‘ఫ్రాక్చర్ ఆఫ్ రేమస్’ అని ఉంటే విరిగింది అక్కడ.

పెద్దవాళ్లు బాత్రూములో జారిపడినప్పుడు ‘సుపీరియర్ ప్యూబిక్ రేమస్’ అని రాస్తారు. కటి ఎముకకి ముందు వైపు, ప్యూబిస్ అనే ముక్క నుంచి పైకొకటి, కిందకొకటి కొమ్మలు పోతాయి. సుపీరియర్ పైది, ఇన్ఫీరియర్ కిందది. మాట అర్థమైతే, ఎక్కడ విరిగిందని డాక్టరుని అడగడానికి కనీసం నోరు వస్తుంది. వైద్యం మాట మాత్రం ఆయనదే.

వెన్నుపాము నుంచి బయటికొచ్చే నరాలు 31 జతలు. ప్రతి నరమూ బయటికి రాగానే రెండుగా చీలుతుంది. వీపు వైపు పోయేది డార్సల్ రేమస్, ముందు వైపుకీ, కాళ్లూ చేతులకీ పోయేది వెంట్రల్ రేమస్. సయాటికా అని నడుం పట్టుకుని వచ్చేవాళ్లని చూస్తారు కదా, ఆ సయాటిక్ నరం నడుం కింది భాగంలోని వెంట్రల్ రేమైలు కొన్ని కలిసి ఏర్పడిందే. ఇక్కడ విశేషం ఏమిటంటే, చీలిన కొమ్మలు మళ్లీ ఒకదాన్నొకటి పెనవేసుకుంటాయి. చెట్టు మీద ఇలా జరగడం అరుదు.

ఆంజియోగ్రామ్ రిపోర్టులో ఎల్‌ఎంసీఏ, ఎల్‌ఏడీ, ఎల్‌సీఎక్స్, ఆర్‌సీఏ అని గుండె ధమనుల పేర్లు పొట్టిగా, వరుసగా ఉంటాయి. కొందరి రిపోర్టులో వీటి మధ్య ‘రేమస్: నార్మల్’ అని ఇంకో లైను ఉంటుంది. పక్కింటాయన రిపోర్టులో ఉంది, మావారి రిపోర్టులో లేదు, ఏదైనా రక్తనాళం మూసుకుపోయిందా అని కంగారుపడి వచ్చినవాళ్లున్నారు. ఎడమ వైపు పెద్ద ధమని మామూలుగా రెండుగా చీలుతుంది. కొందరిలో పుట్టుకతోనే మూడుగా చీలుతుంది, మధ్యలో వచ్చే ఆ మూడోదే ‘రేమస్ ఇంటర్మీడియస్’, నడిమి కొమ్మ అని. అది లేకపోవడం జబ్బు కాదు. ఉన్నవాళ్లకి ఉన్నట్టు రాస్తారు, లేనివాళ్లకి ఆ లైనే ఉండదు.

మీరే విడదీయండి

కింద ఉన్న పేర్లని, నేను ఇచ్చిన సమాధానం చెయ్యి అడ్డుపెట్టి, ముందు మీరే విడదీయండి.

ఈక్విజిటమ్ రామోసిస్సిమమ్: మొదలు రాముస్, తోక ఇస్సిముస్, చివర ‘మ్’ ఉంది కాబట్టి ప్రజాతి నపుంసకం. తెగ కొమ్మలేసే ఈక్విజిటమ్. మన దేశంలోనూ పెరుగుతుంది. కణుపుల దగ్గర చక్రంలా కొమ్మలు వస్తాయి.

బాకౌరియా రామిఫ్లోరా: కొమ్మల మీద పూసేది. ఈశాన్య రాష్ట్రాల్లో దీని పుల్లటి పళ్లు సంతల్లో అమ్ముతారు. పూలూ కాయలూ ఆకుల మధ్య కాకుండా ముదురు కొమ్మలకీ మానుకీ అంటుకుని వస్తాయి. పనస కాయ మానుకే కాస్తుంది కదా, దాన్ని కాలిఫ్లోరీ అంటారు, కాండం అనే అర్థమున్న ‘కావులిస్’ నుంచి. కాలిఫ్లవర్ పేరులో ఉన్నదీ ఆ కావులిసే, అక్కడ దానికి క్యాబేజీ అని అర్థం.

రామాలినా: లైకెన్, అంటే శిలీంధ్రమూ శైవలమూ కలిసి ఒకటిగా బతికేది. చిన్న పుల్లల్ని లాటిన్‌లో ‘రామాలియా’ అంటారు. కొండ ప్రాంతాల్లో చెట్ల బెరడు మీద చీలికలు చీలికలుగా వేలాడుతుంది.

రామారియా: నేల మీద పగడపు కొమ్మల్లా లేచే పుట్టగొడుగు. కొమ్మ మాట ఎక్కడుందో ఇప్పుడు చెప్పాల్సిన పని లేదు.

ఫైకస్ రాసిమోసా: ఇది ఇక్కడ ఎందుకు పెట్టానో మీకు తెలుసు.